నలభై వేసి చూడు

స్వర్ణోత్సవ సంచికకి ఏదైనా రాసివ్వమని మన సంఘం వారు అడిగినప్పుడు, బడి జ్ఞాపకాలు నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారని తప్పించుకోబోయాను. "మీరు రోజూ పేపర్లో సుడోకు చేస్తారటగా, దాని గురించే రాయండి" అన్నారు. సరే అన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే అది కూడా బడి దగ్గరికే వచ్చి ఆగింది. అందుకని ముందు బడి సంగతి చెప్పి, తర్వాత సుడోకు చరిత్రలోకి వెళ్తాను.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మన లెక్కల మాస్టారు ఒక స్లిప్ టెస్టు పెట్టారు. ఆయన పేరు రాయను. ఆ రోజుల్లో చదివినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. టెస్టులో చివరి ప్రశ్న అయిదు మార్కులది: "n² + n + 41 అనే దానిలో n బదులు ఏ సహజ సంఖ్య వేసినా ప్రధాన సంఖ్యే వస్తుందా? కారణం చూపుము." నేను 1 వేశాను, 43 వచ్చింది. 2 వేస్తే 47. 3 వేస్తే 53. అలా 10 దాకా వేసుకుంటూ పోయాను, 151 వచ్చింది. అన్నీ ప్రధాన సంఖ్యలే. "కాబట్టి ఎప్పుడూ ప్రధాన సంఖ్యే వచ్చును" అని రాసి కింద రెండు గీతలు గీశాను. అయిదుకి సున్నా వచ్చింది. పక్కనే ఎర్రసిరాతో మూడు మాటలు: "నలభై వేసి చూడు."

నేను వేసి చూడలేదు. ఆ సున్నా వల్ల మొదటి ర్యాంకు పోయిందన్న కోపంతో ఇంటికెళ్ళి, మాస్టారు నామీద కక్షతో మార్కులు వెయ్యలేదని నాన్నతో చెప్పాను. నాన్న మర్నాడు హెడ్మాస్టరు గారి గదికి వచ్చి గట్టిగానే మాట్లాడారు. మాస్టారు ఎదురు మాట్లాడలేదు. "మీ అబ్బాయికి చూపు ఉందండీ, తొందర కూడా ఉంది" అన్నారట. అంతే. ఆ ఏడాదంతా నేను ఆయన కళ్ళలోకి చూడకుండా తప్పించుకు తిరిగాను. ఆ కాగితం మాత్రం ఎందుకో పారెయ్యలేదు.

ఇక సుడోకు సంగతి. దీన్ని చాలామంది జపాను వాళ్ళ ప్రాచీన విద్య అనుకుంటారు. కాదు. మాయాచదరం లాంటిది అనుకునేవాళ్ళూ ఉన్నారు. అదీ కాదు. మాయాచదరంలో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా కూడితే ఒకే మొత్తం రావాలి. ఆ విద్య మన దేశంలో పాతదే. నారాయణ పండితుడు 1356లో రాసిన గణితకౌముదిలో భద్రగణితం పేరుతో దానికి ఒక అధ్యాయమే ఉంది. సుడోకులో కూడికలు లేవు. అంకెల బదులు క నుంచి తొమ్మిది అక్షరాలు వేసుకున్నా ఆట మారదు. తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువువరుసలు, మూడు గళ్ళ పొడవు మూడు గళ్ళ వెడల్పున్న తొమ్మిది పెట్టెలు. ప్రతి వరుసలోనూ ప్రతి పెట్టెలోనూ ఏ అంకె అయినా ఒక్కసారే రావాలి. ఇది లెక్క కాదు, అమరిక.

ఈ అమరికకి మూలం లాటిన్ చదరం. దాన్ని గణితంగా మలచి ఆ పేరు నిలిచేలా చేసినవాడు స్విట్జర్లాండులో 1707లో పుట్టి, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో 1783లో చనిపోయిన ఆయిలర్. గళ్ళలో లాటిన్ అక్షరాలు వాడాడు కాబట్టి ఆ పేరు. ఆయనకంటే ముందే కొరియాలో చోయ్ సోక్‌జోంగ్ అనే మంత్రి తొమ్మిది వరుసల లాటిన్ చదరాలని తన గణిత గ్రంథంలో చూపాడు. ఆయన 1715లో చనిపోయాడు, అప్పటికి ఆయిలర్ ఎనిమిదేళ్ళ పిల్లవాడు.

లాటిన్ చదరంతో నా పరిచయం పజిళ్ళ వల్ల కాదు, వరి మళ్ళ వల్ల. నా ఉద్యోగం వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో ప్రయోగాల లెక్కలు చూడడం. అయిదు రకాల వరి విత్తనాల్లో ఏది మేలో తేల్చాలనుకోండి. పొలమంతా ఒక్క తీరుగా ఉండదు. కాలవ వైపు తేమ ఎక్కువ, గట్టు వైపు సారం తక్కువ. మంచి మడిలో పడ్డ రకమే మంచి రకమని పొరపడే ప్రమాదం ఉంటుంది. అందుకని పొలాన్ని అయిదు వరుసలు అయిదు నిలువులుగా మళ్ళు కట్టి, ప్రతి రకం ప్రతి వరుసలో ఒకసారి, ప్రతి నిలువులో ఒకసారి పడేలా నాటుతాం. అప్పుడు నేల చేసే పక్షపాతం అన్ని రకాలకీ సమానంగా పంచుకుపోతుంది. ఈ పద్ధతిని 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో ఆర్.ఎ. ఫిషర్ ప్రచారంలోకి తెచ్చాడు. 1956లో జర్మనీ శాస్త్రవేత్త బెరెన్స్ ఇంకో అడుగు వేశాడు. వరుసలు, నిలువులే కాక, పొలాన్ని కొన్ని ముక్కలుగా విడగొట్టి ప్రతి ముక్కలోనూ ప్రతి రకం ఒకసారి రావాలన్నాడు. ఆ ముక్కలు మూడు గళ్ళ చదరపు పెట్టెలైతే అది అచ్చంగా సుడోకు నియమమే. అంటే సుడోకు ఆట కాకముందు పొలంలో న్యాయం చేసే పద్ధతి.

ఆటగా దాని పుట్టుక అమెరికాలో. 1979 మే నెలలో డెల్ పజిల్ పత్రికలో 'నంబర్ ప్లేస్' అనే పేరుతో అది వచ్చింది. కింద తయారుచేసినవారి పేరు లేదు. చాలా ఏళ్ళ తర్వాత న్యూయార్క్ టైమ్స్ పజిళ్ళ సంపాదకుడు విల్ షార్ట్జ్ పాత సంచికలు తిరగేశాడు. ఈ పజిల్ ఉన్న ప్రతి సంచికలోనూ రచయితల జాబితాలో హోవర్డ్ గార్న్స్ అనే పేరు ఉంది. పజిల్ లేని సంచికల్లో ఆ పేరు లేదు. అలా తేలింది. ఇండియానా రాష్ట్రానికి చెందిన గార్న్స్ రిటైరైన ఆర్కిటెక్టు. పజిల్ వచ్చేనాటికి డెబ్భయి నాలుగేళ్ళవాడు. ప్రపంచం తన ఆట ఆడడం చూడకుండానే 1989లో పోయాడు.

1984లో జపానులో నికోలీ సంస్థ తన పత్రికలో దీన్ని వేసింది. ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన మాకి కాజి దీనికి పెట్టిన పేరుకి అర్థం 'అంకెలు ఒంటరిగానే ఉండాలి' అని. జపాను భాషలో ఆ ఒంటరి అన్న మాటకి పెళ్ళికానివాడు అనే అర్థం ఉంది. బ్రహ్మచారి అంకెలన్నమాట. పొడుగు పేరు కుదించితే సుడోకు అయింది. 1986లో నికోలీ రెండు కట్టుబాట్లు పెట్టుకుంది. ముందుగా ఇచ్చే అంకెలు ముప్ఫైరెండు దాటకూడదు, వాటి అమరిక ముగ్గు వేసినట్టు ఇరుపక్కలా సమంగా ఉండాలి. కాజి 2021లో కన్నుమూశారు.

మూడో మనిషి వేన్ గౌల్డ్. న్యూజిలాండులో పుట్టి హాంకాంగులో జడ్జీగా చేసినవాడు. 1997లో టోక్యోలో ఒక పుస్తకాల షాపులో ఈ పజిల్ చూసి, వీటిని తయారుచేసే కంప్యూటర్ ప్రోగ్రాము రాయడానికి ఆరేళ్ళు కూర్చున్నాడు. 2004 నవంబరు 12న లండన్ టైమ్స్ మొదటి సుడోకు వేసింది. ఏడాది తిరక్కుండా అది దేశదేశాల పేపర్లకి పాకింది. మన ఇంగ్లీషు పేపర్లలోకి, ఆ వెనకే తెలుగు పేపర్లలోకి వచ్చింది. 2008లో గోవాలోను, 2017లో బెంగళూరులోను ప్రపంచ సుడోకు పోటీలు జరిగాయి.

నేను 2005 చివర్లో మొదలుపెట్టాను. మళ్ళలో నలిగిన లాటిన్ చదరమే కదా, ఎంతసేపు పడుతుందిలే అనుకున్నాను. మొదటి పదిహేను గళ్ళు చకచకా నిండాయి. తర్వాత ఒకచోట 2 గానీ 6 గానీ రావాలి. 6 అయ్యుంటుందిలే అని వేశాను. ఇరవై గళ్ళు సాఫీగా నడిచి, చివర్లో ఒకే నిలువులో రెండు తొమ్మిదులు వచ్చి కూర్చున్నాయి. తప్పు ఎక్కడ జరిగిందో వెనక్కి వెళ్ళి చూడడానికి లేదు, పెన్నుతో చేశాను. వారం రోజులు ఇదే వరస. అప్పుడు పెన్ను పక్కన పెట్టి పెన్సిలు తీసి, పద్ధతిగా నేర్చుకున్నాను. కొత్తగా మొదలుపెట్టే మిత్రుల కోసం ఆ పద్ధతులు నాలుగు ముక్కల్లో చెప్తాను.

మొదటిది అడ్డకోత. పై మూడు పెట్టెలు చూడండి. ఎడమ పెట్టెలో 7 మొదటి వరుసలో ఉంది, నడిమి పెట్టెలో 7 రెండో వరుసలో ఉంది. అయితే కుడి పెట్టెలో 7 మూడో వరుసలోనే ఉండాలి. ఆ మూడు గళ్ళలో రెండు ముందే నిండి ఉంటే, మిగిలింది 7. తేలిక పజిళ్ళు చాలావరకు దీనితోనే అయిపోతాయి.

రెండోది జంట. ఖాళీ గడిలో రాదగిన అంకెలని పెన్సిలుతో చిన్నగా మూలన రాసుకోవాలి. ఒక వరుసలో రెండు గళ్ళలో 3, 8 మాత్రమే రాదగినవని తేలిందనుకోండి. ఏది ఎక్కడో తెలియదు. కానీ ఆ రెండంకెలూ ఆ రెండు గళ్ళకే సరి. ఇద్దరు పిల్లలు రెండు కుర్చీల మీద చేతిరుమాళ్ళు వేసుకుంటే మూడోవాడికి అక్కడ చోటు లేనట్టు, ఆ వరుసలో మిగతా గళ్ళలో 3ని, 8ని కొట్టేయొచ్చు.

మూడోది పెట్టె నుంచి వరుసకి. ఒక పెట్టెలో 5 రాదగిన గళ్ళు రెండే, ఆ రెండూ ఒకే అడ్డవరుసలో ఉన్నాయి. అయితే ఆ వరుసకి చెందిన 5 ఆ పెట్టెలోనే ఉండి తీరాలి. పెట్టె బయట ఆ వరుసలో ఎక్కడా 5 ఉండదు.

నాలుగోది ఎక్స్-వింగ్. 'స్టార్ వార్స్' సినిమాలో ఒక యుద్ధ విమానం పేరు అది. రెండో అడ్డవరుసలో 4 రాదగిన చోట్లు మూడో నిలువు, ఏడో నిలువు మాత్రమే. ఆరో అడ్డవరుసలోనూ సరిగ్గా అవే రెండు. అప్పుడు 4 ఒక వరుసలో మూడో నిలువులో ఉంటే, ఇంకో వరుసలో ఏడో నిలువులో ఉండాలి. ఐమూలగా గీత గీస్తే ఎక్స్ గుర్తు వస్తుంది. రెండు అమరికల్లో ఏది నిజమైనా ఆ రెండు నిలువుల్లోనూ 4 ఈ గళ్ళలోనే తీరిపోతుంది. కాబట్టి ఆ నిలువుల్లో మిగతా చోట్ల 4ని కొట్టేయొచ్చు. నిజం ఏదో తెలియకుండానే అబద్ధం ఏదో తేల్చడం ఇది. మొదటిసారి నాకు నేనుగా దీన్ని పట్టుకున్న రోజు చేతిలో కాఫీ చల్లారిపోయింది.

ఈ నాలుగింటిలోనూ ఒకటే గుణం. ముందు కంటికి ఒక రూపం కనిపిస్తుంది. కనిపించినంత మాత్రాన అంకె వెయ్యకూడదు. 'వేరే విధంగా ఉండడానికి వీల్లేదు' అని చెప్పుకోగలగాలి. అది చెప్పుకోలేకపోతే అది పద్ధతి కాదు, అదృష్టం.

ఈ మాట ఆయిలర్ విషయంలోనే ఎలా నిజమైందో చూడండి. ఆరు రెజిమెంట్లు, ఒక్కోదాంట్లో ఆరు హోదాల అధికారులు, మొత్తం ముప్ఫైఆరుగురు. ప్రతి వరుసలోనూ ప్రతి నిలువులోనూ ప్రతి రెజిమెంటు ఒకసారి, ప్రతి హోదా ఒకసారి వచ్చేలా వీళ్ళని చదరంగా నిలబెట్టగలరా? ఎంత ప్రయత్నించినా ఆయనకి కుదరలేదు. రెండుకి కుదరదు, ఆరుకీ కుదిరేలా లేదు. మూడు, నాలుగు, అయిదు, ఏడుకి కుదురుతోంది. ఈ వరస చూసి ఆయన 1782లో అచ్చయిన వ్యాసంలో ఒక ఊహ చేశాడు: ఆరు, పది, పద్నాలుగు, పద్ధెనిమిది, ఇలా నాలుగుతో భాగిస్తే రెండు మిగిలే ఏ సంఖ్యకీ ఇది కుదరదని. రుజువు దొరికిందని మాత్రం ఆయన అనలేదు.

1900 ప్రాంతంలో అల్జీరియాలో ఫ్రెంచి ప్రభుత్వోద్యోగి అయిన గాస్టన్ టారీ అన్ని అమరికల్నీ చేతితోనే వర్గాలుగా విడగొట్టి పరీక్షించి, ఆరుకి నిజంగానే కుదరదని తేల్చాడు. దాంతో ఆయిలర్ ఊహ మీద నమ్మకం ఇంకా పెరిగింది. 1959లో ఇద్దరు భారతీయులు, రాజ్‌చంద్ర బోస్, ఎస్.ఎస్. శ్రీఖండే, అమెరికాలో పనిచేస్తూ ఇరవైరెండుకి అలాంటి చదరం కట్టి చూపించారు. ఇ.టి. పార్కర్ పదికి కట్టాడు. చివరికి ముగ్గురూ కలిసి, రెండు, ఆరు తప్ప అన్నింటికీ కుదురుతుందని రుజువు చేశారు. 1959 ఏప్రిల్ 26న న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తని మొదటి పేజీలో వేసింది. 177 ఏళ్ళు నిలిచిన ఊహ అలా కూలింది.

ఈ కథలో మనవాళ్ళకీ చుట్టరికం ఉంది. బోస్ అంతకుముందు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేవారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదువుకుని 1941లో అక్కడికి వెళ్ళిన మన సి.ఆర్. రావు గారు ఆయన దగ్గర పనిచేశారు. లాటిన్ చదరాల ఆలోచనని ఇంకా విస్తరించే ఆర్థోగొనల్ అర్రేలు అనే అమరికల్ని 1940లలో రావుగారు ప్రవేశపెట్టారు. పొలాల నుంచి ఫ్యాక్టరీల దాకా ప్రయోగాల రూపకల్పనలో అవి ఈనాటికీ వాడుకలో ఉన్నాయి. నా ఉద్యోగమంతా ఆ నీడలోనే గడిచింది.

సుడోకులోనే ఇంకో ఉదాహరణ. కనీసం ఎన్ని అంకెలు ఇస్తే పజిల్‌కి ఒకే జవాబు వస్తుంది? పదిహేడు ఇచ్చినవి ఆస్ట్రేలియా ఆచార్యుడు గోర్డన్ రాయిల్ దాదాపు 49,000 పోగుచేశాడు. పదహారుతో ఒక్కటీ దొరకలేదు. మనమైతే 'కాబట్టి పదిహేడే' అని కింద రెండు గీతలు గీసేవాళ్ళం. గణితజ్ఞులు గీయలేదు. నిండిన సుడోకు చదరాలు మొత్తం 22 అంకెల సంఖ్యంత ఉన్నాయని 2005లో లెక్కతేలింది. అంకెల పేర్లు మార్చుకోవడం, వరుసలు అటూ ఇటూ చెయ్యడం లాంటివి తీసేస్తే, నిజంగా వేర్వేరు చదరాలు 5,472,730,538. వాటిలో ప్రతి ఒక్కదాన్నీ వెదికి, పదహారుకి వీల్లేదని డబ్లిన్‌లో గ్యారీ మెగ్వైర్ బృందం 2012 జనవరిలో ప్రకటించింది. ఆ తర్వాతే గీత గీశారు.

ఆయిలర్ గురించి చదువుతున్న ఆ రోజుల్లోనే, 2006లో అనుకుంటాను, ఒక పుస్తకంలో n² + n + 41 కనిపించింది. 1772లో ఆయిలర్ చూపించిన రూపానికి అది కొద్దిపాటి మార్పు. నేను పుస్తకం మూసి, ట్రంకు పెట్టెలోంచి ఆ పాత కాగితం తీశాను. అప్పుడు వేశాను నలభై. n² + n అంటే n ని దాని తర్వాతి సంఖ్యతో గుణించడమే. నలభై వేస్తే నలభై నలభైఒకట్లు. దానికి ఇంకో నలభైఒకటి కలిపితే నలభైఒక్క నలభైఒకట్లు. 1681. గుణకారం కూడా చెయ్యనక్కర్లేదు, చూస్తే చాలు. సున్నా నుంచి ముప్ఫైతొమ్మిది దాకా వరసగా నలభైసార్లు ప్రధాన సంఖ్య ఇచ్చి, నలభై దగ్గర విరిగిపోతుంది. మాస్టారు సరిగ్గా ఆ సంఖ్యనే నాకు రాసిచ్చారు. అది శిక్ష కాదు, సూచన. సుడోకులో ముందుగా ఇచ్చే అంకె లాంటిది.

మాస్టారు అప్పటికి మూడేళ్ళ క్రితమే పోయారు. నాన్న కూడా లేరు. చెప్పుకోవలసిన ఇద్దరూ లేని సమయంలో నాకు తెలిసింది.

గత రెండేళ్ళుగా శనివారాల్లో నేనూ, మన సంఘంలో ఇంకో మిత్రుడూ బడికి వెళ్ళి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో సుడోకు చేయిస్తున్నాం. ఇప్పటి పిల్లలు చురుకైనవాళ్ళు. అయితే బిట్ పేపర్ల అలవాటు వల్ల నాలుగింటిలో ఒకటి గురి చూసి పెట్టడం బాగా వచ్చేసింది. జవాబు కలిస్తే చాలు, దారి ఎవరూ అడగరు. అందుకని మా దగ్గర ఒకటే నియమం. గడిలో అంకె వేసేముందు కారణం పైకి చెప్పాలి. చెప్పలేకపోతే పెన్సిలు పక్కవాళ్ళకి ఇచ్చెయ్యాలి.

మొన్న సంక్రాంతి సెలవుల ముందు, బోర్డు మీద ఒక పజిల్ ఆగిపోతే, బస్సు టైమవుతోందని నేనే "ఇక్కడ 6 వెయ్యండమ్మా" అన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సుద్దముక్క పట్టుకుని కదల్లేదు. "కారణం చెప్పండి సార్" అంది. నా దగ్గర కారణం లేదు. అలా అనిపించింది, అంతే. ఆ మాటే చెప్పాను. పిల్లలందరూ నవ్వారు. ఆ అమ్మాయి సుద్దముక్క నా చేతిలోంచి కాదు, నా పక్కనున్న మా మిత్రుడికి ఇచ్చింది, నా వంతు పోయినట్టు లెక్క. పది నిమిషాల తర్వాత జంట పట్టుకుని వాళ్ళే తేల్చారు. అక్కడ రావలసింది 2.

ఆ సాయంత్రం బస్సు తప్పిపోయింది. స్టాపులో కూర్చుని మాస్టారి గురించి ఆలోచించాను. అయిదుకి సున్నా వెయ్యడం మాత్రం కొంచెం ఎక్కువే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నేనైతే ఒక మార్కు వేసేవాణ్ణి, పది విలువలు తప్పులేకుండా కట్టినందుకు.

ఆ కాగితాన్ని స్వర్ణోత్సవం రోజున బడి లెక్కల గదికి ఇచ్చేస్తున్నాను. ఎర్రసిరా కొంచెం వెలిసింది గానీ మూడు మాటలూ చదవడానికి వస్తాయి. వాటి కింద పెన్సిలుతో 40 × 41 + 41 = 41 × 41 అని రాసి, పేరు, తరగతి, సెక్షను వేశాను. ఆలస్యానికి ఎన్ని మార్కులు తగ్గించాలో చూసేవాళ్ళ ఇష్టం.